అరగని కత్తి

దీనితో ఎవరికైనా గీశావా అని సదయ్య కాక అడిగితే లేదన్నాను. ఆయన మాట పూర్తి కాకముందే అన్నాను. అబద్ధం చెప్పాలని అనుకోలేదు, నోరు నాకంటే ముందు పరుగెత్తింది. ఆయన నా మొహం చూడలేదు, చేతులు కడుక్కుంటున్నాడు. అద్దం ముందున్న గడ్డం సబ్బుతో కాదు, బల్ల కింద నుంచి బట్టల సబ్బు తీసి మోచేతుల దాకా రుద్దుకున్నాడు, కడుక్కున్నాడు, మళ్లీ రుద్దుకున్నాడు. ఆయన ఆ కత్తిని పట్టుకున్నది ఎంతసేపని. పదును పెట్టివ్వు కాకా అని ఇచ్చాను, మడత తెరిచాడు, బొటనవేలు అంచుకు అడ్డంగా ఆనించి చూశాడు, తల ఊపాడు, తర్వాత ఆ వేలు పిడి మీదికి జారి, మడత మేకు దగ్గర చుట్టి ఉన్న రాగి తీగ మీద ఆగింది. అక్కడే ఆగిపోయింది. కత్తి మడిచేశాడు. అద్దం ముందు కత్తెరల పక్కన పెట్టలేదు, నేను కూర్చున్న బెంచీ చివర పాత పేపరు పరిచి దాని మీద పెట్టి, పైన ఇంకో కాగితం కప్పాడు. "యాడిది బిడ్డా ఇది?" అన్నాడు. బాపుకు గడ్డం గీసిన పోశం కాక పెండ్లాం సారవ్వ దగ్గర కొన్నానన్నాను. "సారవ్వ తన చేత్తోని ఇచ్చిందా?" లేదు, చూరులో ఉంటే నేనే తీసుకున్నానన్నాను. అప్పుడు అడిగాడు ఆ మాట. లేదన్నాను. "మంచిగైంది," అని గొంతు తగ్గించాడు. "ఇది బతికున్నోల్లకు పెట్టేది కాదు. పోయినోల్లకు. పాడె మీద పండవెట్టే ముందు గీస్తం గద, గా కత్తి. గుర్తుకోసమే తీగ సుడ్తం. కూసో, మొగిలి గడ్డం సగంల ఉన్నది. అయినంక మాట్లాడుత."

కూర్చునే ఉన్నాను. తెలంగాణ కోసం సమ్మె మొదలై ఇరవై రెండు రోజులు, బొగ్గు బాయిలోకి దిగేవాళ్లు లేరు, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు, పైన ఆగిపోయిన ఫ్యాను రెక్కల మీద నల్లటి దుమ్ము వేలి మందాన పేరుకుని ఉంది. రోడ్డు మీద బొగ్గు లారీలు లేక దూరాన సైకిల్ గంట కూడా వినబడుతోంది. ఎల్లుండి దసరా. కుర్చీలో మొగిలన్న సగం మొహం నురగతో, "జీతం బందైంది, బస్సు బందైంది, గీ గడ్డం ఒక్కటే డ్యూటీ ఆపుతలేదు కాకా," అంటున్నాడు. "దానికి సంఘం లేదురా, అందుకే," అన్నాడు సదయ్య కాక, నవ్వకుండా, నోటికి అలవాటైన మాట దానంతట అదే వచ్చినట్టు. మొగిలన్న అద్దంలోంచి నన్ను చూశాడు. "రాయమల్లు బిడ్డవు గదా నువ్వు? అనసూర్యవు. గిక్కడేం పని, మీసాలు మొలిసినయా?" ఇంకో రోజైతే తల దించుకుని నవ్వేదాన్ని. ఇవాళ ఆయన మొహం మీద గీసిన చెంప, గీయని చెంప, రెంటి మధ్యా ముక్కు కింద నుంచి గదవ దాకా నిలువునా గీతే కనబడింది. ఇంట్లో మా బాపు సరిగ్గా ఇట్లాగే ఉన్నాడు. గోడకు దిండు ఆనించి కూర్చోబెట్టి, ఎడమ చెంప నున్నగా, కుడి చెంప నెల రోజుల గడ్డంతో, మెడ కింద తువ్వాల అట్లాగే వదిలేసి వచ్చాను. కత్తి మొద్దువారింది బాపూ, జల్ది వస్త అని చెప్పి వచ్చాను.

నెల రోజుల గడ్డం అంటున్నాను కానీ, గడ్డం గోల రెండేళ్లది. ఇరవై ఏళ్లు బాపు మొహం మీద పోశం కాక చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. పక్షవాతంతో బాపు కుడి పక్కంతా పడిపోయి, మాట పోయాక కూడా పోశం కాక వారం వారం ఇంటికి వచ్చి, పెట్టె తెరిచి, ఒక్కడే ఇద్దరి మాటలూ మాట్లాడుతూ గీసి వెళ్లేవాడు. రెండేళ్ల కింద ఆయన పోయాడు. తర్వాత వచ్చినవాళ్లందరివీ మార్చే బ్లేడు కత్తులు. బాపు చెంపల్లో బొగ్గు ఉంది. బాయిలో తగిలిన దెబ్బల్లోకి బొగ్గు నలుసులు చేరి, పైన చర్మం కప్పేసిన నీలి మచ్చలు, కుడి దవడ మీద ఒకటి వేలంత పొడుగు, కాస్త ఉబ్బెత్తుగా. పోశం కాక కత్తి దాని దగ్గరికి రాగానే ఒరిగి పక్క నుంచి పోయేది, మొరం రోడ్డు మీద ఎద్దు రాయిని తప్పించుకున్నట్టు. కొత్తవాడి బ్లేడు దాని మీది నుంచే పోయింది. రక్తం. రెండోసారి ఈ సదయ్య కాకే వచ్చాడు, ఆయన్నీ బాపు ఎడమ చేత్తో తోసేశాడు. నేను దుకాణంలో దొరికే ప్లాస్టిక్ రేజరుతో చూశాను, మందపు వెంట్రుకలు అందులో ఇరుక్కుని లాగుతుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటి నుంచి కత్తెరతో కత్తిరించడమే. మనుషులు వస్తే గోడ వైపు తిరుగుతాడు. పోయిన దసరాకు బాపు దగ్గర బాయిపని నేర్చుకున్న పిల్లలు జమ్మి ఆకు చేతిలో పెట్టి మొక్కుదామని వస్తే తిరిగి చూడలేదు, వాళ్లు ఆకు దిండు మీద పెట్టి పోయారు. రాలిన ఆకును తర్వాత నేనే ఊడ్చాను. ఈ దసరాకు అట్లా కాకూడదు, బాపు ఇటు తిరిగి కూర్చోవాలి, అంతే నేననుకున్నది.

సారవ్వకు రెండు కళ్లకూ పొరలు. "ఆయన పెట్టె ఎనుక సూరుల ఉన్నది, నాకు అందది, కనవడది, నువ్వే తీస్కో బిడ్డా," అంది. స్టూలు ఎక్కి చెయ్యి పెట్టాను. చేతికి రెండు తగిలాయి, చెక్క పెట్టె ఒకటి, దానికి మూరెడు ఎడంగా గుడ్డ చుట్ట ఒకటి. ఒకే చూరు కింద అంత ఎడం ఎందుకని అప్పుడు అనుకోలేదు. పెట్టెలో ఉన్న కత్తి సగం నమిలి పారేసిన వేపపుల్లలా ఉంది, కోసే అలుగంతా అరిగి అంత సన్నబడింది, పిడి మీద వేలు పెట్టేచోట గుంట కూడా పడింది. గుడ్డ విప్పితే మాత్రం అందులో నా మొహం కనబడింది. వెడల్పాటి అలుగు, చేతికి బరువు, నల్లటి కొమ్ము పిడి, మేకు దగ్గర నాలుగు చుట్లు రాగి తీగ. సొగసుకు చుట్టారనుకున్నాను. పాత సామాను కొనేటప్పుడు ఏది తక్కువ అరిగిందో అది తీసుకోవాలని మా అమ్మమ్మ చెప్పేది, కొడవలైనా, రోకలైనా, తిరగలైనా. "గీ కత్తి తీస్కుంటున్న అవ్వా," అన్నాను. "పెట్టెల ఏది తీసినా ఆయన చెయ్యి వట్టిందే బిడ్డా," అని నేనిచ్చిన నోట్లు కొంగున ముడేసుకుంది. పెట్టెల అంది. ఇది పెట్టెలోది కాదవ్వా అని నేను అనలేదు, దాచాలని కాదు, అనాలని తోచలేదు. ఇప్పుడు ఈ బెంచీ మీద తోస్తోంది. రోజూ గడ్డాలు గీసి, రోజూ రాయి మీద నూరితే కత్తి అరుగుతుంది, పోశం కాక పాత కత్తి అరిగినట్టు. అరగలేదంటే దానికి రోజూ పని లేదు. ఎప్పుడో ఒకసారి పని. ఎప్పుడో ఒకసారి. ఆ మాటకు బాయిల దగ్గర అర్థమేమిటో నాకు తెలియదా, మరి ఎందుకు అడగలేదు నన్ను నేను, ఇంత వెడల్పు ఎట్లా మిగిలిందని.

ఐదు రోజులు నేర్చుకున్నాను కూడా. పిల్లలు ఊదుకునే బుగ్గలు తెచ్చి, ఊది, సబ్బు నురగ రాసి, పగలకుండా నురగ గీయాలి. పోశం కాక కొత్తవాళ్లకు అట్లా నేర్పుతుంటే చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడు ఆయన గడప దగ్గర కూర్చుని చూసేదాన్ని. నేనెప్పుడూ చూసే పిల్లనే, మాట తక్కువ. రెండు బుగ్గలు పగిలాయి, మూడోది నిలిచింది. తర్వాత నా ఎడమ ముంజేతి మీద గీసుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆ నున్నటి చోటు నా చేతిది కానట్టుంది. చున్నీ లాగి కప్పుకున్నాను. పొద్దున బాపుకు స్నానం చేయించాను, ఉతికిన తెల్ల పంచె కట్టాను, వేడినీళ్ల గుడ్డ మొహం మీద వేశాను, నురగ పట్టించి కత్తి తెరిచాను. అప్పుడు బాపు ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. భయపడ్డాడనుకున్నాను. ఏం గాదు బాపూ, నేర్చుకున్న అన్నాను. ఆయన కత్తి తన చేతిలోకి తీసుకుని, కళ్ల దగ్గరికి తెచ్చుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూశాడు. పదును చూస్తున్నాడనుకున్నాను. ఆయన బొటనవేలు పిడి మీద ఉంది, అంచు మీద కాదు. అది ఇప్పుడు కనబడుతోంది. తర్వాత నా మొహం చూశాడు. బిడ్డను చూసినట్టు కాదు, పెద్దవాళ్లిద్దరూ ఒక మాట మీదికి వచ్చినప్పుడు ఒకరినొకరు చూసుకున్నట్టు. కత్తి నా చేతిలో పెట్టి, గదవ పైకెత్తి, కళ్లు మూసుకున్నాడు. ఎంత బుద్ధిగా కూర్చున్నాడు. రెండేళ్లుగా ఎవరినీ దగ్గరికి రానివ్వని మనిషి. నా చెయ్యి నచ్చిందని ఎంత పొంగిపోయాను. గీస్తూ గీస్తూ, దసరలోపల నీ పని అయిపోవాలె బాపూ అన్నాను నవ్వుతూ. మూసిన కంటి కొస నుంచి ఒక చుక్క జారితే నురగ నీళ్లనుకుని తువ్వాలతో అద్దాను.

ఆ చప్పుడు. ఎండుటాకు మీద గోటితో గీసినట్టు ఉండే ఆ చప్పుడు పొద్దున నా చేతి కింద పుట్టినప్పుడు ఇదివరకు ఎక్కడో విన్నాననిపించింది. పోశం కాక గడప దగ్గర విని ఉంటానులే అనుకున్నాను. కాదు. దుప్పటి వెనక విన్నాను. ఆరేళ్ల కింద, నేను పదో తరగతిలో ఉన్నాను. నన్ను కన్న అవ్వ నా చిన్నప్పుడే పోతే నన్ను ఊళ్లో అమ్మమ్మ దగ్గర ఉంచి, బాపు, మా అన్న అంజన్న ఇక్కడ క్వార్టర్లో ఉండేవాళ్లు. బడికి జీపు వచ్చింది. బాయిలో పైనుంచి బండ పడిందన్నారు, మీ అన్న అన్నారు. నేను వచ్చేసరికి వాకిట్లో మగవాళ్లు గుండ్రంగా నిలబడి దుప్పట్లు అడ్డం పట్టుకున్నారు, ఆడోళ్లు ఇటు రావద్దు అన్నారు. దుప్పటి కింద నుంచి నల్లటి నీళ్లు కాలువ కట్టి నా కాళ్ల దాకా వచ్చాయి. నీళ్ల చప్పుడు ఆగింది. అప్పుడు సన్నగా ఆ గోటి చప్పుడు. దుప్పటి దించాక మెడ దాకా తెల్లగుడ్డ, పైన అంజన్న మొహం, శుభ్రంగా. నాకు ఏడుపు రాలేదు, ఆ శుభ్రానికే కొయ్యబారిపోయాను. డ్యూటీ దిగి ఎంత రుద్దుకున్నా కాటుక పెట్టినట్టు కనురెప్పల అంచున బొగ్గు మిగిలేది అన్నకు. గడ్డం గీసుకోరా అంటే రేపు రేపు అనేవాడు, మూతి మీద ఒకటి ఇస్తా అని బాపు చెయ్యెత్తితే పారిపోయేవాడు. ఆ రోజు బుగ్గలు పెళ్లికొడుకు బుగ్గల్లా ఉన్నాయి. ఎవరో తొందర పడకుండా చేశారు. ఎవరని ఆరేళ్లలో ఒక్కసారి అడగలేదు. ఏ కత్తితో అని అసలే అడగలేదు.

మొగిలన్న తుడుచుకుని, "ఖాతాల రాసుకో కాకా, తెలంగాణ వచ్చినంక ఇస్త," అని నవ్వుకుంటూ పోయాడు. సదయ్య కాక వచ్చి బెంచీ రెండో కొసన కూర్చున్నాడు. మా ఇద్దరి మధ్య కాగితం కప్పిన కత్తి. ఆయన ఏదో అనబోయాడు, నేనే ముందు అడిగాను.

"కాకా, మా అంజన్నకు గూడ దీన్తోనేనా?"

"ఇంకేంది మరి," అని రోడ్డు వైపు చూశాడు. "పోశన్న గీసిండు. నేను నీళ్లు వోసిన. గదవ ఒకదిక్కు ఒరుగుతాంటె మీ బాపే రెండు చేతులతోని వట్టుకున్నడు, అయ్యేదాంక ఇడువలే. పాత తీగ తెగిందని పోశన్న అంటె కొత్తది సుట్టింది గూడ మీ బాపే. బాయిల తీగ ముక్క, ఆయన అంగి జేబులనే ఉండె. ఏడ్వలే బిడ్డా ఆయన, కూసోని ఒక్కొక్క సుట్టు సుట్టిండు."

నాలుగు చుట్లు. పొద్దున బాపు బొటనవేలు ఆ నాలుగు చుట్ల మీద ఉంది.

"కాకా, అబద్ధం చెప్పిన. పొద్దున బాపుకు గీసిన. సగం."

ఆయన భుజం మీది తువ్వాల తీశాడు, ఏం చేయాలో తెలియనట్టు మళ్లీ భుజం మీదే వేసుకున్నాడు. "రాయమల్లు సూసిండా కత్తిని?"

"చేతుల వట్టుకొని సూసిండు."

"సూసి?"

"గదవ ఎత్తిండు."

ఆ మాట నా నోటి నుంచి బయటికి వచ్చాక, బయట నిలబడి నా వైపు తిరిగి నన్ను చూసింది. గదవ ఎత్తాడు. తన చేత్తో చుట్టిన తీగ అది. కొడుకు మొహం మీద నుంచి పోయిన కత్తి అది. దాన్ని బిడ్డ తెచ్చింది. స్నానం చేయించింది, తెల్ల పంచె కట్టింది, కత్తి తెరిచింది. దసరలోపల నీ పని అయిపోవాలె బాపూ అంది, నవ్వుతూ అంది. వద్దు అనడానికి ఆయనకు నోరు లేదు, తోసేయడానికి చెయ్యి మాత్రం ఉంది, సదయ్య కాకను తోసిన చెయ్యే, నన్ను తోయలేదు. నా మొహం చూసి, ఇంక చాలని నువ్వనుకుంటే సరే బిడ్డా అన్నాడు. అది ఆ చూపు. అది ఆ చుక్క. నేను దాన్ని తువ్వాలతో తుడిచాను. నాలుగేళ్లుగా ఎత్తి కూర్చోబెడుతున్నాను, ముద్దలు పెడుతున్నాను, ఒక్కసారీ విసుక్కోలేదనుకుంటాను, లేక ఎప్పుడైనా విసుక్కున్నానా, ఎప్పుడో ఒకసారి గిన్నె గట్టిగా పెట్టానా, ఆ గిన్నె చప్పుడు ఆయన దాచుకున్నాడా. లేకపోతే ఎట్లా నమ్ముతాడు. ఎట్లా అంత సులువుగా నమ్మాడు. నేను వచ్చి గంట దాటింది. గంట నుంచి మా బాపు సగం మొహంతో, కళ్లు మూసుకుని, మిగతా సగం కోసం ఎదురు చూస్తున్నాడు.

"ఏడుపు తర్వాత. ఉరుకు," అన్నాడు సదయ్య కాక. "సారవ్వ పెట్టెల సన్నది ఉంటది సూడు, అరిగింది, గదీ రాయమల్లు కత్తి. జల్ది తే, నూరిస్త." కాగితంలో కత్తి వైపు నా చూపు పోయింది. "ఇది ఇక్కడనే ఉండనీ. పోశన్న పోయినంక గా పని నా మీదనే వడ్డది. యాడ వెట్టిండో సారవ్వకు గూడ ఎరుక లేకపాయె, దీనికోసమే రెండేండ్ల సంది దేవులాడుతున్న."

ఉరికాను. చెప్పులు బెంచీ కిందే ఉండిపోయాయని సారవ్వ వాకిట్లో స్టూలు ఎక్కినప్పుడు తెలిసింది. పెట్టెలోని కత్తి ఎంత తేలిగ్గా ఉందో, చేతిలో ఉన్నట్టే లేదు. ఎవరే అది అని సారవ్వ అడుగుతోంది, నేనే అవ్వా, మళ్ల చెప్త అంటూనే వెనక్కి. సదయ్య కాక బల్ల కింది రాయి తీసి, నీళ్లు చల్లి, అటు ఇటు, అటు ఇటు, ఆ తర్వాత తోలు మీద, నాకు ఏ జన్మలో అయిపోతుందో అనిపించింది. ఆయన దాన్ని నా అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు. ఇల్లు ఇంత దూరమా, పొద్దున ఇంత దూరం లేదు. తలుపు దగ్గరికి వేసినట్టే ఉంది. లోపలికి వెళ్లడానికి నాకు ధైర్యం చాలలేదు, ఒక ఊపిరి వినబడేదాకా గడపలోనే నిలబడ్డాను. వినబడింది. మంచం పక్కన పెట్టి వెళ్లిన చాయ్ మీద మీగడ కట్టి ఉంది, ముట్టలేదు. కుడి చెంప మీద నురగ ఎండి తెల్లటి పొలుసులైంది. ఎడమ చెయ్యి తనే తెచ్చి రొమ్ము మీద పెట్టుకున్నాడు, కళ్లు మూసే ఉన్నాయి.

బాపూ అన్నాను. సన్న కత్తి ఆయన వేళ్ల మధ్య పెట్టాను. కళ్లు తెరవలేదు, బొటనవేలే ముందు కదిలింది, మేకు దగ్గరికి పోయింది, అక్కడ ఏమీ లేదు, మళ్లీ వెతికింది, వెనక్కి వచ్చి పిడి మీద పోశం కాక వేలు పడి పడి ఏర్పడిన గుంటలో ఆగింది. అప్పుడు కళ్లు తెరిచాడు. "గది తెల్వక తెచ్చిన బాపూ," అన్నాను, "అరగలేదని తెచ్చిన, నాకు ఎరుక లేదు, నీ మీద ఒట్టు, నాకు ఎరుక లేదు." కత్తి చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ కత్తి చూశాడు. దాన్ని జాగ్రత్తగా మడిచి ఒళ్లో పెట్టుకుని, ఎడమ చెయ్యి ఎత్తి, నా చెంప మీద ఒక్కటి కొట్టాడు. చెవిలో గుయ్యిమంది. అంత బలం ఇంకా ఆయన చేతిలో ఉందని నాకు తెలియదు. నోటి నుంచి ఏదో చప్పుడు వచ్చింది, తిట్టో నవ్వో, సగం సగం. కత్తి తీసి నాకిచ్చాడు. నీలి మచ్చ ఉన్న కుడి చెంప నా వైపు తిప్పాడు.

ఈసారి కళ్లు మూసుకోలేదు.